స్కాలర్‌షిప్ సెక్షన్ మేడమ్

మహబూబ్‌నగర్‌లో నేను ఇంజనీరింగ్ చదివిన కాలేజీలో స్కాలర్‌షిప్ సెక్షన్ చూసే మేడమ్ ఉండేది. ఎవరొచ్చినా "ముందుగాల కూసోండ్రి" అన్న తరువాతే కాగితాలు అడిగేది.

మా బాపు సర్కారు బడి టీచరు. ఆయన జీతం పరిమితి దాటిందని నాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్నారు. ఎవరో చెబితే బాపు, ఆదాయం తక్కువ చూపే దొంగ సర్టిఫికెట్ తెచ్చి, తల దించుకుని ఆమె ముందు పెట్టాడు.

ఆమె దాన్ని చదివి, మడిచి, బాపు చేతికే ఇచ్చింది.

"గిది నేను చూడలే సార్. జీతమున్నోళ్లకు గూడ తొవ్వ ఉంది. మంచి మార్కులుంటే, ఆదాయం ఎంతున్నా కాలేజే ఫీజు తగ్గిస్తది. మిగిలినదానికి బ్యాంకు లోన్ ఇస్తరు. బిడ్డ మార్కుల మెమో చూపియ్యండ్రి."

మెమో చూసి నవ్వింది. దరఖాస్తు తనే తెచ్చిచ్చింది.

ఆ యేడు నా ఫీజు సగానికి తగ్గింది. మిగతా సగానికి తీసుకున్న లోన్ ఉద్యోగం వచ్చాక నేనే తీర్చాను. కానీ నాకు ఎక్కువగా గుర్తుండేది, దరఖాస్తులో ఆదాయం గడి దగ్గర బాపు పెన్ను ఆగిపోవడం.

"రాయండ్రి సార్, కష్టపడి సంపాదించిందే గద" అంది మేడమ్.

బాపు తల ఎత్తి, తన జీతం ఉన్నదున్నట్టు, గుండ్రటి అక్షరాలతో రాశాడు.