తడి గోనెపట్టా

నా చిన్నప్పుడు మా నాయనమ్మను ఊళ్ళో అందరూ అనుమానపు ముసలమ్మ అనేవాళ్ళు. ఆర్మూర్ మార్కెట్లో పసుపు అమ్మి, ఇంటికి కావలసిన సామాన్లతో అదే లారీలో మోర్తాడ్ దారి పట్టేవాళ్ళం. లారీ ఎక్కించే ముందు ఆమె ప్రతి మూటనూ వాసన చూసేది, ఊపి చూసేది. నీళ్ళు తగలకూడనివి ఒక పక్క, నిప్పు తగలకూడనివి ఇంకో పక్క, తినేవి వాటన్నిటికీ దూరంగా పెట్టించేది. డ్రైవర్ విసుక్కునేవాడు. నాకైతే సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆమె ఉప్పు కొనడానికి వెళ్ళింది. అంతలో మా చిన్నాయన, మక్కజొన్నలకు పురుగు పట్టకుండా పెట్టే మందుగోలీల డబ్బా తెచ్చి లారీలో టార్పాలిన్ కింద మూలన పెట్టాడు. సగం వాడిన డబ్బా, మూత వదులు. పక్కనే మా తమ్ముడు నిద్రపోతున్నాడు. "మందు ఎండకు ఖరాబైతది, జర చూస్తుండు పోరీ" అని నాకు చెప్పి చాయ్ తాగడానికి పోయాడు.

తాగే నీళ్ళ సీసాకు తడిగోనె చుడితే చల్లగా ఉంటుందని నాకు తెలుసు. ఇంట్లో రోజూ చేసేదే కదా! గోనెపట్టాను నీళ్ళ కుండలో ముంచి, పిండకుండానే డబ్బాకు మూతతో సహా చుట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయి కిందికి దిగి ఆడుకున్నాను.

నాయనమ్మ వస్తూనే ముక్కు ఎగబీల్చింది. "ఎల్లిపాయల మూట ఎవలు తెచ్చిండ్రు?" వెల్లుల్లి ఎవరూ తేలేదు. ఆమె ముఖం మారిపోయింది. టార్పాలిన్ లాగిపారేసి, తమ్ముణ్ణి చంకనేసుకుని దిగి, మమ్మల్నందర్నీ గాలి వచ్చే వైపుకు దూరంగా తోలింది. వాడు కళ్ళు తేలవేసి వాంతి చేసుకున్నాడు.

"మందుగోలీలు ఎవలు పెట్టిండ్రు? గా డబ్బాకు నీళ్ళు తగిలినయా?" అని ఒక్కొక్కరినీ అడిగింది. "నా మీద పడతవేందమ్మా?" అని డ్రైవర్ మండిపడ్డాడు. చిన్నాయనేమో డ్రైవర్ వంక అదోలా చూశాడు. "పోరనికి ఎండ కొట్టింది, గంతే. నీ అనుమానం పాడుగాను, అవ్వా!" అంటూ మూత బిగించడానికి లారీ వైపు నడిచాడు.

నాయనమ్మ నా ముందు కూర్చుంది. "కొట్టను బిడ్డా. తడిసిందా లేదా, గదొక్కటి చెప్పు." నేను నమ్మలేదు. కొట్టనన్న పెద్దవాళ్ళే ఎక్కువ కొడతారని నా అనుభవం. కానీ చిన్నాయన కాలు అప్పటికే టైరు మీద ఉంది. నేను ఏడుస్తూ అరిచాను, "నేనే తడిపిన! ఎక్కకు చిన్నాయనా!"

అతను ఆగిపోయాడు. తర్వాత చెయ్యెత్తి నా మీదికి వచ్చాడు. నాయనమ్మ అడ్డం నిలబడింది. "పోరి చేతుల డబ్బా పెడితివి, దానికి నీళ్ళు పడవని చెప్పకపోతివి. తప్పెవలదిరా? గది తడిస్తే విషపు గాలైతది." అతను ఎత్తిన చెయ్యి దించాడు. ఆమె గోదాముల్లో పనిచేసిన రోజుల నుంచే ఆ వాసన ఎరుగునని మాకప్పుడే తెలిసింది.

గోదాములో మందుపెట్టే మనిషిని పిలిపించి డబ్బా తీయించారు. తమ్ముణ్ణి దవాఖానకు పట్టుకుపోతే తడిగోనె సంగతి డాక్టరుకు నన్నే చెప్పమంది నాయనమ్మ. నా భుజం మీద చెయ్యి తీయలేదు. రెండు రోజులకు వాడు లేచి తిరిగాడు.

ఇప్పుడు నేనే ముసలిదాన్ని. షేరింగ్ ఆటోలో ఎవరి కాళ్ళ దగ్గరైనా క్యాన్ కనిపిస్తే అందులో ఏముందో అడగనిదే కూర్చోను. మనవరాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. ఎవరి చేతికి ఏమిచ్చినా దానికేది పడదో చెప్పే ఇస్తాను. ఇంట్లో ఏదైనా పాడైతే మాత్రం, ఎవరు చేశారని అడిగేముందు, నాకు నిజం చెప్పడానికి భయపడుతున్న పిల్ల ఎవరైనా ఉందేమోనని అందరి ముఖాలూ చూస్తాను.