ఆగని ఎడమచెయ్యి

అమెరికాలోని క్యారీ ఊళ్ళో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత గుడి లేదు. ఆదివారం మధ్యాహ్నాలు అమెరికన్ల చర్చి హాలు అద్దెకు తీసుకుంటాం. అక్కడ హార్మోనియం నాది. ఐదో తరగతితో బడి మానేసి, సంగీతమూ ఇంగ్లీషూ కూడా పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నవాణ్ణి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ కార్యదర్శి, సాఫ్ట్‌వేర్ అబ్బాయి, నా దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, ఆంటీలు బాగా లాగుతున్నారు. ఒక్కో సాంగ్ తొమ్మిది నిమిషాలు వస్తోంది. నెక్స్ట్ వీక్ నుంచి ట్రాక్ ప్లే చేద్దాం. మీరు రెస్ట్ తీసుకోండి."

రెస్టట! నేనడిగానా? లాగేది వాళ్ళు, శిక్ష నాకు. ప్రతి చరణం చివరా వాళ్ళు ఊపిరి తీసుకుని అందుకునేదాకా మర్యాదగా ఆగేవాణ్ణి నేను. గట్టిగా వాదించి ఒక్క వారం గడువు సంపాదించాను.

పొద్దుటి ఇంగ్లీషు ఆరాధనకు పియానో వాయించే అమెరికన్ పెద్దాయన ఆ రోజు వెనక వరుసలో కూర్చుని మా పాటలన్నీ విన్నాడు. సామాన్యుడు కాడు. జాజ్ విద్వాంసుడు. కుర్రతనంలో బ్రెజిల్ వెళ్ళి, రియో హోటళ్ళలో వాయిస్తూ, అక్కడి సాంబా నాట్యపు లయను ఎడమచేతిలోకి దించుకున్నాడు. నలభై ఏళ్ళు రెండు దేశాల మధ్య తిరిగాడు. అక్కడ అమెరికావాడన్నారు, ఇక్కడ బ్రెజిల్ బాణీ అన్నారు. ఏ బంతిలోనూ ఆయనకు విస్తరి వేయలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన మాత్రం నవ్వుతూ చెప్పుకునేవాడు.

"వాళ్ళు పాట ఆలస్యంగా అందుకోవడం లేదు," అన్నాడు ఆ రోజు నా దగ్గరికొచ్చి, ఇంగ్లీషులో. "మీరు ఆగుతున్నారు. మీరాగితే వాళ్ళూ ఆగుతారు."

హాల్లో ఉన్న పియానో ముందు కూర్చుని, కుర్చీలు సర్దుతున్న ఇద్దరు పెద్దమ్మలను పిలిచి పాడమన్నాడు. వాళ్ళు మామూలుగానే సాగదీశారు. ఆయన ఎడమచెయ్యి మాత్రం ఏరు పారినట్టు సాగిపోయింది. కుడిచెయ్యి వాళ్ళతోపాటే వెనకగా, తీరిగ్గా నడిచింది. చరణం చివర ముగ్గురూ ఒక్కచోట కలిశారు. రియోలో పాడేవాళ్ళు ఇలాగే లయకు వెనకగా నడుస్తారట. తెలుగు ముక్క రాని మనిషి మా పెద్దమ్మల ఊపిరి పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ మమ్మల్ని ఆపింది మీరా అన్నయ్యగారూ?" అంది ఒకావిడ.

మరుసటి ఆదివారం కార్యదర్శి ల్యాప్‌టాప్‌లో ట్రాక్ సిద్ధంగా పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. మొదటి చరణం చివర పెద్దమ్మలు వెనకబడ్డారు. నా వేళ్ళు అలవాటుగా ఆగబోయాయి. ఆగనివ్వలేదు. పెద్దల్ని దారిలో వదిలేసి పోతున్నట్టు అనిపించినా ముందుకే వాయించాను. రెండో చరణానికి వాళ్ళే వచ్చి కలిశారు, తొందరపడకుండా, ఆ సాగదీత సాగదీతగానే. వెనక వరుసలో పెద్దాయన పాదం ఆడుతోంది.

"ఐదు నిమిషాలే, అంకుల్," అంటూ కార్యదర్శి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టేసుకున్నాడు.

రెస్ట్ తీసుకోమన్న మాట మాత్రం నేనింకా మరిచిపోలేదు.