బోరు మోటారు తాడుతో పందెం గెలిచిన వైనం

నీళ్లలో పడి చావు తప్పించుకున్నవాళ్లు కోస్తాలో వీధికొకరు ఉంటారు. ఉరవకొండ పక్కన మెట్టచేల మధ్య ఆ ఘనత సాధించింది మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. జరిగిన ప్రళయమంతా నా తెలివితేటల పుణ్యమే కాబట్టి, మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు.

ఆ ఏడు వానలు విరగబడి కురిసి, నెర్రెలు విచ్చిన మా చెరువు నిండింది. అన్నేళ్లూ చెరువులో నీళ్లకు బదులు తుమ్మచెట్లే పెరిగాయి. ఇప్పుడు వాటి కొసలు మాత్రం పైకి కనబడుతున్నాయి. ఆ వింత చూడ్డానికి బెంగళూరు నుంచి మా అక్కా బావా వచ్చారు. గాలి కొట్టి ఉబ్బించే ప్యాడిల్ బోర్డులు రెండు బావ వెంట తెచ్చాడు. వాటి మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోవాలట.

"ఈ ఒడ్డు నుంచి ఆ కట్ట దాకా పందెం. ఓడినోడు మీసం తీసేయాల. ఏం బామ్మర్దీ?" అన్నాడు బావ.

మీసమంటే మాటలా! రెండేళ్లు నూనె రాసి, మెలితిప్పి సాకిన మీసం నాది. కానీ ఊరంతా చూస్తోంది. "సరే బావా" అనేశాను. గెలుపోటములు చెప్పడానికి అక్క వెళ్లి కట్ట మీద నిలబడింది.

బావ ఒక తాడు చూపించాడు. ఒక కొస బోర్డుకి, ఇంకో కొస కాలికి. "కింద పడితే బోర్డు దూరం పోకుండా పట్టుకుంటాది. బోర్డు ఎంత పొడుగో తాడూ అంతే ఉండాల."

నాకు నవ్వాగలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను చూసిన నీళ్లన్నీ వందల అడుగుల లోతున బోర్లలో ఉన్నవే. నీళ్లంటేనే పొడుగు తాడు! పరుగున పోయి, బోరులోకి మోటారు దింపే నైలాన్ తాడు చుట్ట తెచ్చాను.

"ఏమప్పా, పందేనికి పోతాండావా, మోటారు దింపుతాండావా?"

"నీది కుక్కపిల్లకి కట్టే తాడు బావా. నాది చూడు, పాతాళంలో పడినా తెగదు."

ఒక కొస బోర్డుకి, ఇంకో కొస కాలికి కట్టి, మిగతా చుట్టను బోర్డు మీదే పెట్టుకుని బయలుదేరాను. వెనకనుంచి గాలి బాగా తోస్తోంది. నడిచెరువు దాకా రాజులాగా పోయాను. అక్కడ నా కాలు నా చుట్టలోనే పడి, దబ్బున నీళ్లలో పడ్డాను. బరువు దిగిన బోర్డు గాలికి ఒక్కటే పరుగు. దాని వెంట తాడు సరసరా పోతూనే ఉంది. నేను తుమ్మకొమ్మ పట్టుకుని వేలాడాను. ముళ్ల సంగతి అడక్కండి. నిజంగా భయమేసింది.

"బావా! సస్తాండా!"

"ఉండప్పా, వస్తాండా!" అంటూ బావ వెనక్కి తిరిగాడు. పాపం, నా తాడు ఆయన తెడ్డుకి తగులుకుంది. ఆయనా పడ్డాడు. అయితే ఆయన బోర్డు పక్కనే ఉంది. దర్జాగా ఎక్కి కూర్చుని, "చూసినావా? తాడంటే ఇట్లుండాల!" అన్నాడు.

అప్పుడే కట్ట మీద ఈలలు మోగాయి. నా బోర్డు ఒంటరిగా పోయి కట్టను తాకింది.

"మా తమ్ముడు గెలిచినాడు!" అని అరిచింది అక్క.

"మనిషి యాడుండాడే? తుమ్మచెట్టుకి ఏలాడతాండాడు!" అని బోర్డు మీద నుంచి కేకేశాడు బావ.

"తాడు తెగలేదు గదా. బోర్డు వచ్చిందంటే వాడూ వచ్చినట్టే."

ఊరు ఊరంతా ఆ తాడు పట్టుకుని నన్ను వెల్లకిలా, కాళ్లు ముందుగా కట్ట దాకా లాగింది. ఒళ్లంతా గీరుకుపోయినా, అంత గర్వంగా నేనెప్పుడూ ఏ ఒడ్డుకీ చేరలేదు. బావ వచ్చేసరికి అక్క చేతిలో రేజరు సిద్ధంగా ఉంది.

"పెండ్లయినప్పటి నుంచి ఆ మీసం తీయమంటాండా. ఇన్నాళ్లకి దేవుడు నా తమ్ముడి కాలికి తాడు కట్టినాడు" అంది.

కాబట్టి ముళ్లు దిగిన ఈ అరచేతుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నీళ్ల మీద బోర్డు పొడుగును మించిన తాడు ఈ జన్మలో కాలికి కట్టను. గెలవడానికి అంత తాడు అక్కర్లేదు, కట్ట మీద అక్క ఉంటే చాలు.