ఆయిల్ సీలూ, నూలు దారమూ

ఆషాఢం, శుక్రవారం. పొద్దుటి నుంచి తుంపర. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. మగ్గాల కార్ఖానాలో మెహతాగా లెక్కలు రాసీ రాసీ, ఏ పనికైనా ముందు హాజరు వేసుకోవడం నాకు అలవాటైపోయింది. దాని కింద ఇంకొక్క వాక్యమే ఉంది: రేపు ఠాణా ఆస్పత్రి, కారు తయారుగా ఉండాలి.

శుక్రవారం భివండీలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బందు. మిగతా రోజుల్లో మా పద్మనగర్ సందులో ఎవరితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే. మా ఇంటి గోడకు అవతలే కార్ఖానా. ఉప్పు అందించమన్నా అరిచే అడుగుతాం. పెళ్లయిన నాటి నుంచీ మా ఇద్దరికీ అదే అలవాటు. మోకాలి నొప్పి కోసం ఆమెను పక్క ఊరు ఠాణాలోని ఆస్పత్రికి తీసుకెళ్లడం మొదలయ్యాకే, కారు అద్దాలు ఎక్కించుకుని మేం మెల్లగా మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. తన చిన్నప్పటి సంగతులు కొన్ని ఆమె మొదటిసారి చెప్పింది ఆ దారిలోనే.

కిందటిసారి వచ్చేటప్పుడు దారిలో మాన్‌కోలీ దగ్గర, స్టీరింగు ముందుండే ఎర్ర ఆయిల్ దీపం వెలిగి కారు ఆగిపోయింది. ఇంజన్ ఆయిల్ దాదాపు అంతా కారిపోయింది. గోదాముల లారీల మధ్య, వానలో, వంగని కాలు చాపుకుని ఆమె చాలాసేపు కూర్చుంది. ఇంటికి వచ్చి చెప్పుల్లోంచి కాళ్లు తీస్తూ, ఇంకొక్క చుక్క కారినా ఈ బండి ఎక్కనని చెప్పింది. కొడుకు అప్పుడే ఫోన్ తీసి, ఇకనుంచి అద్దె కారు పిలుస్తానన్నాడు. అద్దె కారులో ముందు సీట్లో డ్రైవరుంటాడు, పక్కన ఆమె, వెనక నేను. అలా అయితే ఆ మాటలు ఉండవు. నాకు ఆ వారమంతా మనసు నిలవలేదు.

కారింది ఇంజన్ ముందువైపు పెద్ద పుల్లీ వెనక ఉండే సీలు. తిరిగే షాఫ్టు చుట్టూ కూర్చుని ఆయిల్‌ను ఆపే రబ్బరు చుట్టు అది. కొత్తది గురువారం సాయంత్రమే కొనుక్కొచ్చాను. బామ్మర్ది సాంచాల మిస్త్రీగా చేసి మానుకున్నవాడు. పుల్లీ విప్పడం అతనికి పెద్ద పని కాదు. విప్పిన బోల్టులను నేను గుడ్డ మీద వరసగా పేరుస్తుంటే అతను తీసి స్టీలు గ్లాసులో వేసుకుంటున్నాడు. రెండుసార్లు వాటిని గ్లాసులోంచి తీసి మళ్లీ పేర్చాను.

"బావా, నువ్వు బోల్టులకు గూడ హాజరేస్తవా?" అన్నాడు.

పాత సీలు షాఫ్టుకు గీత పడకుండా ఊడి వచ్చింది. కొత్తది పెట్టగానే నాకు అనుమానం వచ్చింది. సుత్తితో నెమ్మదిగా తట్టి ఎక్కించాల్సిన సీలు, బొటనవేలితో నొక్కితేనే లోపలికి వెళ్లిపోయింది. బయటి అంచు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ. మార్చుకుందామంటే ఆ రోజు దుకాణం మూత. బామ్మర్ది దానికి ఏమీ కంగారు పడలేదు. సాంచా మీద ఏది వదులైనా ముందు చేయి పోయేది నూలు మీదికే. జేబులోంచి దారపు ఉండ తీసి సీలు బయటి అంచు చుట్టూ రెండు వరసలు బిగించి చుట్టాడు. నాకూ అది తప్పనిపించలేదు. మా వాడలో అలా నూలు చుట్టి నిలబెట్టని వస్తువు లేదు. ఈసారి సీలు తట్టితేనే ఎక్కింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

పుల్లీ బిగించి, ఆయిల్ పోసి, ఇంజన్ ఆడించాం. సందంతా నిశ్శబ్దంగా ఉండటంతో ఇంజన్ చప్పుడు మొదటిసారి పూర్తిగా వినిపించింది. ఆపి, కారు కింద తెల్లటి తాను ముక్క పరిచాను. ఎక్కడ కారేదీ బట్టే చెబుతుంది. నేను లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాను. తినమంటే తినలేదు. మధ్యాహ్నానికి గుడ్డ మీద రూపాయి బిళ్లంత మరక వచ్చింది. కాసేపటికి దాని పక్కన ఇంకొకటి.

గడపలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని నా భార్య సాయంత్రం దీపానికి దూదితో వత్తులు చేస్తోంది. పొద్దున్నుంచి మా పనిని చూస్తూనే ఉంది.

"దారం ఎక్కడ చుట్టిన్రు?" అని అడిగింది.

సీలు చుట్టూ అని తమ్ముడు చెప్పాడు.

ఆమె చేతిలోని వత్తిని పైకెత్తి చూపించింది. "ఇగ కారదా? నూనెల దారం పెడితె గుంజుతది గదరా. మీరు బండికి వత్తి పెట్టిన్రు."

బామ్మర్ది తల గోక్కున్నాడు. "సాంచాకైతె పని చేస్తదక్కా" అన్నాడు.

"అయితె రేపు సాంచా మీద పోత ఆస్పత్రికి."

నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. మళ్లీ అన్నీ విప్పాం. సీలు తీసి చూస్తే దారం ఆయిల్ పీల్చి నల్లగా అయింది. దాన్ని తీసేసి, సీలునూ అది కూర్చునే గాడినీ పెట్రోలుతో కడిగి, పొడి గుడ్డతో తేమ లేకుండా తుడిచాను. బామ్మర్ది ఇంటికి వెళ్లి, మోటార్ల మూతల్లోంచి నూనె కారకుండా రాసే నల్లటి పేస్టు ట్యూబు తెచ్చాడు. బయటి అంచుకు మాత్రమే పలచగా రాసి, సీలు వంకర పోకుండా చుట్టూ కొద్దికొద్దిగా తట్టి కూర్చోబెట్టాం. పొద్దుటి దాకా దాన్ని ముట్టుకోవద్దని అతను మరీ మరీ చెప్పి వెళ్లాడు. నాలాంటివాడికి ముట్టుకోకుండా ఉండటమే కష్టం. గొడుగు వేసుకుని ఒకసారి, గొడుగు లేకుండా ఒకసారి వెళ్లి చూసి వచ్చాను. ఇది నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఉందని ఆమెతో అనలేదు కూడా.

మరునాడు పొద్దున సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. బామ్మర్ది వచ్చి పుల్లీ బిగించాక ఇంజన్ ఆడించి, కింద కొత్త తాను ముక్క పరిచి, టీ తాగి వచ్చాను. ఆమె చేతికర్రతో గడప దిగి, వంగలేక, గుడ్డ తీసి చూపించమంది. రెండు చేతులా వెలుగుకు ఎత్తి పట్టాను. కార్ఖానాలో నేసిన తానును తప్పుల కోసం చూసినట్టే అంచు నుంచి అంచు దాకా చూసింది. మూలన జొన్న గింజంత మరక ఒకటి ఉంది. ఆమె దాన్ని వేలితో రుద్ది, వాసన చూసి, బురద అని తేల్చింది. గుడ్డను మడతపెట్టి ఆస్పత్రి సంచిలో పెట్టుకుంది, అక్కడికి పోయాక మళ్లీ పరవడానికి.

సీటు వెనక్కి జరిపి, కాలు చాపి కూర్చుంది. అద్దాలు ఎక్కించాను. సాంచాల చప్పుడు బయటే ఉండిపోయింది. ఆయిల్ దీపం ఎక్కడ వెలుగుతుందని అడిగితే చూపించాను. మాన్‌కోలీ దాటేదాకా ఆమె రోడ్డు చూడలేదు, దాన్నే చూస్తూ కూర్చుంది. నేనూ మాటిమాటికీ అటే చూస్తున్నాను.

"అది వెలుగలే" అంది మెల్లగా. "దాన్ని నేను చూస్త గని, నువ్వు ముందల చూసి నడుపు."