ముక్కు దగ్గరి గుర్తు మాకెవరూ చూపించలేదు

చెరకు నరుకుడు మొదలైన రోజుల్లో ఒక ఉదయం మా ఆయన టీ తాగుతుంటే పెదవి కొస నుంచి కారిపోయింది. "ఏటండీ, సిన్నపిల్లాడిలాగ" అని నవ్వాను. జవాబు చెప్పబోయారు, మాట ముద్దగా వచ్చింది. గ్లాసు చేతిలోంచి జారింది. ఎస్. రాయవరం దగ్గర మా ఊరి నుంచి అనకాపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తెచ్చేసరికి ఎడమ చెయ్యి పూర్తిగా పడిపోయింది.

సీటీ స్కాన్ తీశారు. "స్ట్రోక్ అమ్మా. మింగే శక్తి పోయింది. నోటితో చుక్క నీళ్లు కూడా పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి" అన్నారు డాక్టరుగారు. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేశారు. ప్రాణం నిలిపినందుకు ఆయనకు చేతులెత్తి మొక్కాను. ఆ దండం ఇప్పటికీ వెనక్కి తీసుకోను. మిగతాదే నా కడుపులో మండుతోంది.

డిశ్చార్జ్ రోజున వార్డు నర్సు ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కుకుని, ఒక సిరంజి పాలు పోసి చూపించింది. "ఇంతే అమ్మా. ఏదైనా పలచగా చేసి, వడకట్టి పొయ్యండి." మాకు నేర్పింది అంతే.

ఇంటికొచ్చాక ఒకనాడు ఆయన ముఖం తుడుస్తుంటే ముక్కు మీది ప్లాస్టరు ఊడింది. పైపు కొంచెం బయటికి జారింది. కొత్త ప్లాస్టరు శుభ్రంగా అంటించాను.

ఆ రోజే మా గానుగలో తొలి బెల్లం దిగింది. మా ఇంట్లో కొత్త బెల్లం నూకాలమ్మ తల్లికి పెట్టి, తర్వాత ఇంటి పెద్ద రుచి చూస్తేనే తక్కినవాళ్లు ముట్టుకుంటారు. ఆయన అక్క, మా సత్యవతి వదిన, ఆ బెల్లంతో పానకం కలిపింది. నర్సు చెప్పినట్టే నీళ్లలా పలచగా చేసింది. పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టింది కూడా. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నారు.

"ఒరే తమ్ముడూ, నీ సేను తీపిరా. నాలిక్కి తెలీకుండా దొంగతనంగా కడుపులోకి పంపిత్తన్నాను" అంది వదిన.

ఆయన కళ్లు నవ్వాయి. సిరంజి సగం కూడా కాలేదు, దగ్గు మొదలైంది. ఆగలేదు. పెదవులు నీలంగా మారాయి.

మళ్లీ అదే ఆసుపత్రి. రక్తంలో ఆక్సిజన్ సాట్యురేషన్ పడిపోయిందని ఐసీయూలో పెట్టారు. "యాస్పిరేషన్ నిమోనియా. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయింది. పడుకోబెట్టి పోశారా? బెల్లం పానకం పోస్తారా ఎవరైనా?" అన్నారు డాక్టరుగారు.

అందరూ వదిన వైపు తిరిగారు. "నీ బెల్లం కోసం అన్నియ్యని సంపేత్తావేటే అక్కా!" అని మా మరిది అరిచాడు. వదిన అక్కడే నేల మీద కూలబడింది.

ఐసీయూ నర్సు నన్ను అడిగింది: "ట్యూబ్ మార్కు మారిందేమో రోజూ చూసేవారా?"

"ఏ మార్కమ్మా?"

చూపించింది. పైపు మీద గీతలు, వాటి పక్కన అంకెలు. మొదటిరోజు ముక్కు దగ్గర ఏ గుర్తు ఉందో రోజూ అదే ఉండాలట. జారితే పైపు కొస కడుపులో ఉండకపోవచ్చట, చుక్క కూడా పొయ్యకూడదట. తల ఎత్తుగా పెట్టి పొయ్యాలట, పోశాక కూడా కాసేపు అలాగే ఉంచాలట.

నేను బడి మొహం చూడలేదు. అక్షరాలూ ఎక్కాలూ మా నాన్న ఇంట్లోనే నేర్పారు. ఆ అంకె చదవడానికి ఆ చదువు చాలు. ఇక్కడ ఉంది చూడమ్మా అని వేలు పెట్టి చూపినవాళ్లే లేరు.

"చదువుకోని వాళ్ల చేతికి ట్యూబ్ ఇచ్చి పంపితే ఇంతే" అన్నారు డాక్టరుగారు, నాతో కాదు, పక్కనున్న ఇంకో డాక్టరుతో.

"ఇచ్చింది మీరే కదా బాబూ" అన్నాను. "పలచగా సెయ్యమన్నారు, సేసేం. వడకట్టమన్నారు, వడకట్టేం. సెప్పిన రెండూ తప్పకుండా సేసేం. సెప్పనిది ఎలాగ సేత్తాం?"

ఆయన ఫైలు చూసుకుంటూ వెళ్లిపోయారు.

"డాక్టరుగారితో అలాగంటావేటి వదినా?" అన్నాడు మరిది.

"నువ్వు నోర్ముయ్యి. ముందు మీ అక్కని నేల మీంచి లేపు."

అమ్మవారి దయ, మా ఆయన ఐసీయూలోంచి బయటపడ్డారు. కొత్త ట్యూబ్ వేసి, ఎక్స్‌రే తీసి సరిచూశారు. రెండోసారి డిశ్చార్జ్ అన్నప్పుడు "బెడ్ ఖాళీ చెయ్యండమ్మా, ఇంకో కేసు వస్తోంది" అన్నారు. "నా సేత్తో పోత్తాను. నువ్వు నిలబడి సూడమ్మా. అప్పుడెల్తాం" అన్నాను. నర్సు విసుక్కుంది. అయినా నిలబడింది.

కొన్నాళ్లకు మింగడం వచ్చింది, ట్యూబ్ తీసేశారు. ఇప్పుడు మెత్తగా మెదిపిన అన్నం కూర్చోబెట్టి పెడితే తింటున్నారు. అందుకు రోజూ అమ్మవారికి దండం పెట్టుకుంటాను. కానీ వదిన మా ఇంటికొస్తే ఆయన మంచం దగ్గరికి రాదు. ఒక్క ముద్ద పెట్టమంటే చేతులు కొంగులో దాచుకుంటుంది. ఆయన ఊపిరితిత్తులకు మందులిచ్చారు. ఆవిడ చేతులకు ఎవరిస్తారు?

మీ ఇంట్లో ఎవరినైనా ట్యూబ్‌తో పంపిస్తుంటే, ముక్కు దగ్గర గుర్తు ఎక్కడుందో అడిగి చూసుకోండి. అది జారితే ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నర్సు చూస్తుండగా ఒక్కసారైనా మీ చేత్తో పోయండి. బెడ్ ఖాళీ చెయ్యమని తొందరపెడితే పెట్టనివ్వండి. అది అయ్యేదాకా మీరు మాత్రం అక్కడి నుంచి లేవకండి.