దిండు మీద దొరికిన చీటీ

ఆ రోజు ఉప్పల్‌లో ఘట్‌కేసర్ బస్సెక్కితే, పక్క సీట్లోని పెద్దామె నాకొక చీటీ అందించింది. నాచారంలో రోజువారీ అద్దెకిచ్చే ఫ్లాట్లు శుభ్రం చేస్తుందట.

“దిగినోళ్ళు పోయినంక నేనొస్త. కొత్తోళ్ళు రాకముందే ఎల్లిపోత. మూడేండ్ల సంది ఒక్కల మొకం సూడలే. ఇయ్యాల దిండు మీద గిది పెట్టి పోయిన్రు. నాకే రాసినట్టున్నరు, జర సదువు బిడ్డా.”

ఇంగ్లీషులో ఒకే వాక్యం ఉంది, గీజర్ పనిచేయడం లేదని.

“ఇల్లు అద్దంలా ఉంచారమ్మా, హాయిగా నిద్రపోయాం అని రాశారు,” అన్నాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఇంకోపారి సదువు,” అంది.

పోచారంలో దిగేలోగా మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఉత్తరం కాస్త పెరిగింది.