నాయన నడుము వాల్చిన చోటు

ఊహ తెలిసినప్పటినుంచి మా అమ్మ మస్తానమ్మ వాళ్ల నాయన పడుకొని నిద్రపోవడం చూసి ఎరగదు. మా తాత పెంచలయ్యకు ఉబ్బసం. నడుము వాలిస్తే ఊపిరి అందేది కాదు. అందుకని గుడిసె ముందర బోర్లించిన పాత పడవకు వీపు ఆనించి, మోకాళ్ల మధ్య వలల మూట పెట్టుకొని, దానిమీద గడ్డం మోపి కూర్చునేవాడు. ఆ కూర్చోవడమే ఆయన నిద్ర. రొమ్ములోంచి వచ్చే చప్పుడు తడి తాడును గిలకమీద లాగినట్టు ఉండేదట. చిన్నప్పుడు అమ్మ ఇరుగుపొరుగు గడపల్లో నిలబడి, కాళ్లు బారజాపి గురకపెట్టే మగవాళ్లను చూసేది. "వాళ్ల నాయన్లు ఎంత పొడుగుండారో, మా నాయన ఎందుకు పొట్టిగా ఉండాడో అనుకునేదాన్ని" అని చెప్పేది.

మాది చిట్టమూరుకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక కుప్పం. చేపలు పట్టేవాళ్ల గుడిసెల వరసను మావైపు కుప్పం అంటారు. అమ్మమ్మ కామమ్మ ముందే పోయింది. తాతకు అమ్మ ఒక్కతే కూతురు. మా నాన్న మాల్యాద్రి ఇల్లరికం వచ్చాడు. నేను చెప్పబోయే సంగతులు నేను పుట్టకముందువి, కొన్ని నాకు బుద్ధి తెలియని రోజులవి. ఆఖరిదొక్కటి తప్ప అన్నీ అమ్మ చెప్పగా విన్నవే.

తాత పడవ ఎక్కడం మానేసి చాలా ఏళ్లయినా, ఆయన్ని అడక్కుండా కుప్పంలో ఎవరూ పడవ దించేవారు కాదు. గాలి తూర్పుకు తిరగబోతోందంటే ముందుగా ఆయన రొమ్ముకే తెలిసేది. తెల్లవారగానే మగవాళ్లు గడకర్రలు భుజాన వేసుకొని వచ్చి నిలబడేవారు.

"ఏం మామా, ఏమంటా ఉంది?"

"పిల్లికూతలు మొదలైనాయి రా. ఈశాన్నం మూల తేమ పట్టింది. దూరం పోబాకండి."

"పోయినసారీ ఇట్నే అనింది. ఆకాశం చూస్తే అద్దం మాదిరి ఉండె. నీది అబద్ధాల రొమ్ము మామా" అనేవాడు మా నాన్న.

"అబద్ధం చెప్పిన దినం ఇంటికొచ్చి కూడు తింటివి గదరా. నిజం చెప్పిన దినం ఇనకపోతే ఆ కూడు ఎవురు తింటారబ్బయా?"

అందరూ నవ్వేవాళ్లు. తాత కూడా నవ్వబోయి దగ్గులో పడేవాడు. ఆ దగ్గు ఆగేదాకా ఎవరూ కదిలేవారు కాదు.

అమ్మకు మాత్రం ఆ చప్పుడు తగ్గితే చాలు. నాయన ఒక్కసారి మంచంమీద నడుము వాల్చి నిద్రపోవాలి. ఆమె కోరుకున్నది అంతకుమించి ఏమీ లేదు. పట్నంలో డాక్టరు సూది వేస్తే రెండు పూటలు తెరిపిగా ఉండి, మళ్లీ మొదటికొచ్చేది. ఇది పోయే జబ్బు కాదు, ఉన్నన్నాళ్లూ దీనితోనే ఉండాలన్నాడు ఆయన. అమ్మ ఆ మాట చెవికెక్కించుకోలేదు. కసుమూరు దర్గాలో తాయెత్తు కట్టించింది. ఆమెకు మస్తానమ్మ అని పేరు పెట్టింది కూడా ఆ దర్గా మొక్కు వల్లనే. అడ్డసరం ఆకు కషాయం కాచింది. ఉమ్మెత్తాకు ఎండబెట్టి పొగ పట్టించింది. గబ్బిలం కూర తింటే పోతుందని ఎవరో చెబితే అదీ తెప్పించింది. తాత కూర ముంతలోకి చూసి, "తలకిందులుగా యాలాడేదాన్ని తింటే నేనూ యాలాడతానేమో అమ్మా. పడుకునే బాధన్నా తప్పుద్ది" అన్నాడు. అన్నాడే గాని, కూతురి ముఖం చూసి తినేశాడు.

అమ్మ ఎండుచేపలు గంపకెత్తుకొని గూడూరు సంతకు పోయేది. నిమ్మకాయల మండీ పక్కన గోడవార ఆమె చోటు. మండీలో కాయలు ఏరే చెంచమ్మ ఒకరోజు చెప్పింది, రైల్వేలో పనిచేసి దిగిపోయిన జీవానందం గారు తియ్యటి తెల్ల గుళికలు ఇస్తాడని, తన చెల్లెలి పార్శ్వపు నొప్పి వాటితోనే పోయిందని. యాభై తొమ్మిదిలో, దీపావళి దాటాక, అమ్మ తాతను బండిలో గూడూరు తీసుకుపోయింది.

జీవానందం గారు నాడి పట్టుకోలేదు, రొమ్ము చూడలేదు. కాగితం, పెన్ను తీసుకొని ప్రశ్నలు మొదలుపెట్టారు.

"చన్నీళ్లు ఇష్టమా పెద్దాయనా, వేన్నీళ్లా?"

"ఏవుంటే అవి అయ్యా."

"ఉరుములంటే భయమా?"

"ఉరుముకు భయపడితే మాకు కూడెట్టా అయ్యా?"

"ఆయాసం ఏ వేళప్పుడు ఎక్కువ? ఏ గాలికి ఎక్కువ?"

తాత అప్పుడు నిటారుగా కూర్చున్నాడట. పడమటి గాలికి రొమ్ము ఎట్లా ఎండిపోతుందో, దక్షిణపు గాలికి ఎట్లా వదులవుతుందో, తూర్పు తిరిగేముందు లోపల ఏ మూల సన్నగా కూత లేస్తుందో చెబుతూ పోయాడు. రొప్పుతూ చెప్పాడు, ఆగి చెప్పాడు. జీవానందం గారు కాసేపు రాసి, తర్వాత పెన్ను పక్కన పెట్టి ఊరికే విన్నారు. ఆయన భార్య ఎలిశబెతమ్మ తాతకు గ్లాసుడు కాఫీ తెచ్చింది.

"కాఫీ మందును చంపుద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"మందు ఇంకా ఇవ్వలేదు గదా. తాగనీండి" అందామె.

మందు ఇస్తూ ఆయన పథ్యం చెప్పారు. గుళికలు చేత్తో ముట్టుకోకూడదు. కర్పూరం, ఉల్లి, సెంటు, ఘాటైన వాసన ఏదీ సీసా దగ్గరికి రాకూడదు. వాసన తగిలితే మందు చచ్చిపోతుంది.

అమ్మ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. సీసా పట్టుకొని మండీ దగ్గరికి రాగానే నిమ్మకాయల వాసన గుప్పుమని కొట్టింది. సీసాను గుడ్డలో చుట్టి, గంప అడుగున మిగిలిన నెత్తళ్ల ఎండుచేపల కిందికి తోసేసింది. ఇంటికొచ్చాక తలలో పువ్వు పెట్టడం మానింది. ఒంటిసబ్బు మానింది. ఉల్లిపాయలు వీధిలోకి విసిరింది. పక్కింట్లో సాంబ్రాణి వేస్తే పోయి పోట్లాడింది. సీసాను మాత్రం ఎలకలూ చీమలూ చేరని చోట, వాసానికి వేలాడదీసిన ఎండుచేపల గంపలో, మడవ చేపల మధ్యన భద్రంగా దాచింది.

సీసా అయిపోవచ్చింది. తాతకు ఏమీ తగ్గలేదు. అమ్మ ఒక్కతే మళ్లీ గూడూరు పోయింది. జీవానందం గారు సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకొని, చటుక్కున దూరం జరిపారు. ఎలిశబెతమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"దీన్ని ఎక్కడ పెట్టావమ్మా?"

"ఎండుచేపల్లో పెట్టినానయ్యా. ఏ వాసనా సోకనీలా. నిమ్మకాయల మండీ దాటేటప్పుడు గూడా సోకనీలా."

ఆయన నవ్వడం మొదలుపెట్టి, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఎలిశబెతమ్మ కూడా కొంగు చాటున నవ్వింది. అమ్మకు ఎందుకు నవ్వుతున్నారో ముందు తెలియలేదు. తెలిశాక తన కొంగు చివర ముక్కు దగ్గర పెట్టుకొని గట్టిగా పీల్చింది. ఆమెకు ఏ వాసనా రాలేదు.

"అయితే నా చేతులతోనే మందును చంపితినా అయ్యా?" అంది.

జీవానందం గారు నవ్వు ఆపేశారు. వేరే సీసా నింపుతూ, "మందు కంటే ముందు ఆ నీటి గాలి మారాలమ్మా. కొన్నాళ్లు నాయన్ని మెరకకు తీసుకుపో. పొడినేల ఉన్న ఊళ్లో పెట్టు" అన్నారు.

మెరక ఊళ్లలో అమ్మకు తెలిసిన ఇల్లు ఒక్కటే, ఓబులేసు గారిది. చిట్టమూరుకు పడమటి పక్క పల్లెలో వరి సాగు చేసే సంసారం. కోతలప్పుడు అమ్మ వాళ్లకు ఎండుచేపలిచ్చి వడ్లు తెచ్చుకునేది. ఆయన భార్య ఆదిశేషమ్మ నోరు పెద్దది, చెయ్యీ పెద్దది. అమ్మ సంగతి చెప్పగానే, "పంచ ఖాళీగానే ఉండాది. తీసకరా. నువ్వు నాకు వడ్లు దంచు, మీ నాయన నాకు కోళ్లు కాయాల. ఊరికే తిని కూర్చుంటే ఊరుకోను, చెప్తుండా" అంది. గడ్డిదుమ్ము తగలకుండా కళ్లంవైపు తడిక కట్టించి, నులకమంచం వేయించింది.

ఆ మందు పనిచేసిందో, ఆ పొడిగాలి పనిచేసిందో, వేసవే పనిచేసిందో, అమ్మ తేల్చి చెప్పలేకపోయేది. రొమ్ములో చప్పుడు మెల్లగా సన్నబడింది. ఒక మధ్యాహ్నం వడ్లు చెరిగి పంచలోకి వచ్చేసరికి తాత మంచం మీద వెల్లకిలా పడుకొని ఉన్నాడు. నోరు కొంచెం తెరుచుకొని ఉంది. ఊపిరి వస్తోంది, పోతోంది. చప్పుడు లేదు. మంచం ఆయనకు చాలలేదు. రెండు పాదాలూ పట్టెలు దాటి బయటికొచ్చి గాల్లో ఉన్నాయి. తన నాయన ఎంత పొడుగో అమ్మకు ఆ రోజు తెలిసింది.

కోళ్లు అరవకుండా వాటిని చేటతో అవతలికి తోలి, ఆ పాదాల దగ్గర నేలమీద కూర్చుంది. ఆదిశేషమ్మ కేకేసుకుంటూ వచ్చి, అమ్మ చెయ్యి ఊపగానే చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి పోయింది. ఆ మనిషి నోరు మూసుకోవడం ఆ ఊరు అంతకుముందు చూడలేదు.

మేలుకొని ఉన్నప్పుడు మాత్రం తాత అరచెయ్యి రొమ్ముమీద పెట్టుకొని తూర్పుకేసి చూస్తుండేవాడు. దారినపోయే రైతుల్ని, "గాలి యాడనించి అబ్బయా?" అని అడిగేవాడు. "గాలికేముంది తాతా, వీస్తా ఉంది" అని పోయేవాళ్లు. తెల్లవారి ఆయన దగ్గరికి వచ్చి నిలబడేవాళ్లు లేరు. మా నాన్న వీలున్నప్పుడల్లా వచ్చేవాడు.

"ఏమంటా ఉంది మామా?"

"ఏమీ అనడంల్యా. మూగదైపోయింది."

"మంచిదే గదా. మా తిప్పలు మేం పడతాంలే. ఆకాశం చూసుకుంటాం."

నాన్న మంచిగానే అన్నాడు. తాత ఆ పూట అన్నం సగంలో లేచాడు.

మావైపు ఐప్పసి అనే ఈశాన్యపు వానలు మొదలయ్యే ముందు, ఒక సాయంత్రం, తాత ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. "మస్తానా, ఇటు రా. ఇను" అన్నాడు. అమ్మ చెవి పెట్టింది. ఎక్కడో లోపల సన్నటి కూత. తలెత్తి చూస్తే తాత ముఖం వెలిగిపోతోంది.

"వస్తా ఉండాది. తూరుపుది. పిల్లోళ్లు పడవలు దించతారు. పోవాల."

"మంచు పడింది నాయనా, అంతే. పడుకో."

"ఎంత కాలమని పడుకునేది అమ్మా? పడుకునేదానికేనా నేనుండేది?"

తెల్లవారి ఓబులేసు గారే బండి కట్టాడు. ఎందుకైనా మంచిదని ఆదిశేషమ్మ నులకమంచం కూడా బండిలో వేయించింది. దారి పొడుగునా తాత ముందుకు వంగి, ఎడ్లకంటే ముందు తానే నడుస్తున్నట్టు కూర్చున్నాడు.

కుప్పం చేరేసరికి పడవలన్నీ ఒడ్డుకెక్కి ఉన్నాయి. తాళ్లు కట్టి ఉన్నాయి. మబ్బు చూసి వాళ్లే రాత్రికి రాత్రి లాగేశారు. తాత బండి దిగి, ఆ పడవల వరసను చూస్తూ నిలబడిపోయాడు. అప్పుడు మా నాన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"వస్తివా మామా. ఏమంటా ఉంది?"

"ఎక్కించేసినారు గదరా. ఇంకేం అడిగేది?"

"ఎక్కించేది మాకూ తెలుసు. మళ్లీ ఎప్పుడు దించాల్నో ఎవురు చెప్పాల? అబద్ధమో నిజమో, నీ రొమ్ము చెప్పాల్సిందే."

తాత పాత పడవ దగ్గరికి నడిచిపోయి వీపు ఆనించి కూర్చున్నాడు. ఎవరో వలల మూట తెచ్చి మోకాళ్ల మధ్య పెట్టారు. చుట్టూ మనుషులు చేరారు. తడితాడు లాగినట్టు ఆ చప్పుడు మళ్లీ మొదలైంది. ఆయన కళ్లు మూసుకొని దాన్ని వింటున్నాడు.

అమ్మ గుళికల సీసా పిడికిట్లో పట్టుకొని చాలాసేపు చూసింది. ఓబులేసు గారు మంచం దించబోతుంటే అడ్డం పోయింది.

"వద్దన్నా. ఎనక్కి తీసకపో" అంది.

తాత ఇంకా ఆరేళ్లు ఉన్నాడు. ఆ ఆరేళ్లూ అమ్మ గుళికలు తెస్తూనే ఉంది, ఇంటికి దూరంగా, వేపచెట్టు తొర్రలో దాస్తూ. అవి ఆయాసాన్ని కొంత తగ్గించాయి. ఆయన మళ్లీ నడుము వాల్చలేదు. ఒక పొద్దున అడగడానికి వచ్చినవాళ్లకు పడవకు ఆనుకునే కనిపించాడు, జవాబు లేకుండా. చాప పరిచి పడుకోబెట్టబోతే అమ్మ పరుగెత్తుకొచ్చి వాళ్ల చేతులు పట్టుకుంది.

"పడుకోబెట్టబాకండి. ఆయాసం వస్తాది" అంది.

నాన్న ఆమెను పక్కకు తీసుకుపోయాడు.

తర్వాత చాలా ఏళ్లు అమ్మ కోతలప్పుడు ఆదిశేషమ్మ ఇంటికి పోతూనే ఉంది. బస్సులొచ్చి, అంగళ్లొచ్చి, ఎండుచేపలకు వడ్లు కొలిచేవాళ్లు లేకుండా పోయాక కూడా పోయింది. ఒకసారి ఆమెతో నేనూ పోయాను. ఆదిశేషమ్మ అప్పటికి లేదు. ఆమె కోడలు ప్రమీలమ్మ పంచలో ఉన్న నులకమంచం చూపించి, "కింద ఎందుకు అత్తా, మంచం మీద కూర్చో" అంది. నులక రెండుమూడుసార్లు మార్చి ఉంటారు. పట్టెలు అవే.

"ఈడ బాగుంది లేమ్మా" అని అమ్మ మంచం కాళ్లవైపు నేలమీద కూర్చుంది. గంప మంచానికి ఆనించబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, పట్టె చివర మూరెడు చోటు వదిలి, గంపను ఇవతలికి జరుపుకుంది.